దుప్పటికి అవతలి కొస

ఆ పెద్దాసుపత్రి కింది అంతస్తులో, ఉతికిన బట్టలు మడతపెట్టే గదిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిడని డాక్టర్ల దగ్గర్నుంచి లిఫ్టు నడిపే అతని దాకా అందరూ మడతక్క అనే పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడ కూడా ఇంకెవర్నో అనుకుని పక్కకి చూసేది. మనిషి కాస్త భారీ. గొంతు అంతకంటే భారీ. పక్క గదిలో యంత్రాలు గిర్రున తిరుగుతున్నా ఆవిడ మాట మాత్రం ఇవతలికి స్పష్టంగా వినిపించేది.

ఆ పని చూసేవాళ్లకి తేలిగ్గా కనిపిస్తుంది. ఆరబెట్టే యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన దుప్పట్లని తోపుడు బండిలో తెచ్చి గది మధ్యలో పోస్తారు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని, చేతులు ఒక్కసారి పైకెత్తి ఫట్‌మని దులిపి, చెరో వైపుకీ బిగించి లాగుతారు. ఆ లాగడంలోనే ముడతలు పోవాలి. తర్వాత అంచుకి అంచు కలిపి, ఎదురెదురుగా నడిచి, ఒకరి చేతిలోని కొసలు ఇంకొకరి చేతిలో పెడతారు. దుప్పటి అంచు నేలకి తగిలితే మట్టి అంటుతుందని చెప్పులు గది బయటే విడిచేస్తారు.

కొత్తగా చేరిన ప్రతి మనిషికీ మడతక్కే పని నేర్పేది. "చేతుల్తో లాగుతావేంటే, పీలికలైపోతుంది. నడుముతో లాగాలి. ముందు కాళ్లు నిలబడాలి, ఆ తర్వాతే చేతులు," అనేది. అలా ఎందుకని అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. ఒంటికి తెలిసిన సంగతి నోటితో అనేది, అంతే.

ఆవిడకి జోడీ పుల్లమ్మ. అది కూడా అసలు పేరు కాదు. అగ్గిపుల్లలా ఉంటుందని గదిలో వాళ్లు పెట్టుకున్న పేరు. మడతక్క కంటే బాగా చిన్నది, మాట తక్కువ, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు. మొదట్లో పని బాగానే చేసేదని, రానురాను చేతిలో పట్టు లేకుండా పోయిందని మడతక్క ఫిర్యాదు. "దుప్పటి పట్టుకుందా, దువ్వుతోందా అన్నట్టుంటుంది దీని లాగుడు," అని మధ్యాహ్నం భోజనాల దగ్గర పదిమందిలో అనేది. వాళ్లు నవ్వేవారు. పుల్లమ్మ కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి ఊరుకునేది. ఏమైనా అనాల్సి వస్తే "సరేలే అక్కా, నువ్వు చెప్పినట్టే" అనేది, మళ్లీ అలాగే లాగేది.

ఒకసారి పై వార్డుల నుంచి దుప్పట్లు ముడతలుగా వస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. సంగతేంటో చూడటానికి ఆసుపత్రి పెద్ద నర్సమ్మ స్వయంగా కిందికి దిగింది. వెనకే సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదిలో అందరూ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారు. ఆ పొద్దున పుల్లమ్మ ఆలస్యంగా వచ్చిందని మడతక్క అప్పటికే నాలుగు చీవాట్లు పెట్టి ఉంది. పెద్ద నర్సమ్మ వచ్చి సరిగ్గా వీళ్లిద్దరి పక్కనే ఆగింది.

ఇద్దరూ దుప్పటి దులిపారు. లాగారు. నడిమధ్య ముడత అలాగే ఉంది.

"లాగవే గట్టిగా. పొద్దున తిండి తినలేదా?" అంది మడతక్క, పెద్ద నర్సమ్మకి వినపడేలా.

పుల్లమ్మ ఒకసారి కిందికి, మడతక్క కాళ్ల వైపు చూసింది. తర్వాత మొహంలోకి చూసింది. "లాగనా అక్కా?"

"అడుగుతావేంటే? లాగు."

పుల్లమ్మ లాగింది. సన్నటి మనిషైనా పని తెలిసిన మనిషి. దుప్పటి గట్టిగా బిగుసుకుంది. ఆ బిగువుకి మడతక్క చేతులు ముందుకు పోయాయి, చేతుల వెంట భుజాలు, భుజాల వెంట మొత్తం మనిషి. కాళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వెనక ఎవరో తోసినట్టు బోర్లా పడి, మోకాళ్లు నేలకీ గడ్డం బండి అంచుకీ కొట్టుకున్నాయి. దుప్పటి ఒంటికి చుట్టుకుపోయింది. పెదవి చిట్లి తెల్లటి బట్ట మీద నెత్తురు పడింది.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరన్నది ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఆ చిన్న నవ్వు మాత్రం చెవిలో పడింది. ఎంతోమందికి కాళ్లు నిలబెట్టుకోవడం నేర్పిన మనిషి, అదే గదిలో, పెద్ద నర్సమ్మ పాదాల ముందు చాపలా పరుచుకుపోయింది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. ఆ మంటలో నోటికొచ్చిన మాట అనేసింది.

"కావాలనే లాగింది సార్. పొద్దున తిట్టానని కోపం పెట్టుకుంది."

పుల్లమ్మ చేతిలో దుప్పటి కొస ఇంకా అలాగే ఉంది. "నువ్వే కదక్కా లాగమన్నావు," అంది మెల్లగా.

"లాగమంటే ఇలాగా? చూడండి సార్ మూతి ఎలా చేసిందో."

పెద్ద నర్సమ్మ ఎదురుగా ఉంది. సూపర్‌వైజరుకి ఏదో ఒకటి చేసి చూపించాలి. ఆ క్షణానే పుల్లమ్మని మురికి బట్టల గదికి మార్చేశాడు. వార్డుల నుంచి వచ్చే నెత్తురు గుడ్డలూ చీము గుడ్డలూ విడదీసే గది అది. అక్కడికి వెళ్లమంటే ఎవరూ వెళ్లరు, పంపిస్తే వెళ్లాల్సిందే. పుల్లమ్మ నెత్తురంటిన దుప్పటిని తనే తీసి, ఉతకాల్సిన వాటి బుట్టలో వేసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

ఆ వారం రోజులూ మడతక్క దగ్గరికి అందరూ వచ్చి పెదవి ఎలా ఉందని అడిగారు. పుల్లమ్మ గురించి తలా ఒక మాట అన్నారు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు.

కొత్త జోడీగా వచ్చిన అమ్మాయి దిట్టంగా ఉంది, లాగితే దుప్పటి చిరుగుతుందేమో అన్నట్టు లాగేది. ఆ అమ్మాయి లాగిన ప్రతిసారీ మడతక్క ఒక అడుగు ముందుకు తూలేది. "ఏంటక్కా, నా మీదకి వచ్చేస్తున్నావు?" అని నవ్వేది ఆ అమ్మాయి. నేల తడిగా ఉందని ఒకరోజు, నిద్ర లేదని ఒకరోజు చెప్పింది మడతక్క. రోజుకో సాకు వెతుక్కోవడం ఆవిడకి అలవాటు లేని పని.

ఒక ఆదివారం ఇంట్లో తడి కంబళి తీగ మీద ఆరవేయడానికి డాబా ఎక్కింది. కంబళిని రెండు చేతులతో పట్టుకుని తీగ మీదికి ఒక్క విసురు విసిరింది. చేతులు పైకి లేచాయి. ఆ వెంటనే డాబా నేల మొహం మీదికి వచ్చేసింది. తీగ చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. తీగ తెగి, కంబళితో సహా మోకాళ్ల మీద కూలబడింది.

భర్త పైకొచ్చాడు. ఆయన తాళాలు బాగుచేసే మనిషి. చేతిలో ఎప్పుడూ ఇనుము అరగదీసే చిన్న ఆకురాయి ఉంటుంది. "ఏమైంది? తీగతో కుస్తీ పట్టావా?"

"జారింది. నేల తడిగా ఉంది."

ఆయన నేలకేసి చూశాడు. ఎర్రటి ఎండలో నేల ఎండి పెళపెళలాడుతోంది. ఆయన తీగ ముడి వేయడం మొదలుపెట్టాడు. మడతక్క కంబళి కింద కూర్చునే ఉంది. లేవబుద్ధి కాలేదు. ఇక్కడ అవతలి కొస పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. కోపం పెట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

ఆ మర్నాడే నిజం చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు. భోజనాల వేళ పుల్లమ్మ బయట మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింటోంది. ఎంత కడుక్కున్నా ఆ గది వాసన పోదని, పక్కన కూర్చుంటే తిండి సహించదని మిగతావాళ్లు అన్నారట. మడతక్క తన డబ్బా తీసుకుని మెట్ల దాకా వెళ్లింది. పుల్లమ్మ జరిగి చోటిచ్చింది. "కూర్చోండి," అంది.

అక్కా లేదు, నువ్వూ లేదు. కూర్చోండి. తెలియని మనిషికి చోటిచ్చినట్టు ఇచ్చింది. మడతక్క కూర్చోలేకపోయింది. ఏదో పని గుర్తొచ్చినట్టు గొణుక్కుంటూ లోపలికి తిరిగొచ్చేసింది. డబ్బా మూత కూడా తీయలేదు ఆ రోజు.

ఇంకో రోజు మెట్లెక్కుతుంటే ఒక కాలి చెప్పు కిందే ఉండిపోయింది. ఎవరో వెనకనుంచి పిలిచి అందించేదాకా తెలియలేదు. ఉత్త పాదం చల్లటి రాయి మీద ఉన్నా తెలియలేదు. అప్పుడు భయం పట్టుకుంది.

కసరత్తులు చేయించే డాక్టరమ్మ గది రెండో అంతస్తులో ఉంది. ఆ గదికి దుప్పట్లు ఇవ్వడానికి వేరే మనిషి ఉన్నా, ఆ పూట మడతక్క తనే పట్టుకెళ్లింది. దుప్పట్లు బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. ఏం కావాలని అడిగితే, "ఊరికే, ఈమధ్య కాస్త తూలుతున్నట్టుంటే," అంది.

"దుప్పటి దులిపినట్టు చేతులు ఒక్కసారి ముందుకెత్తండి."

ఎత్తింది. మడమలు నేల వదిలేశాయి. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇంకోసారి ఎత్తమంది. మళ్లీ అంతే. అప్పుడు డాక్టరమ్మ తనే వెనక్కి తిరిగి నిలబడి, "నా తొడ వెనక చెయ్యి ఆనించండి. ఇప్పుడు నేను చేతులెత్తుతాను. ముందు ఏది కదిలిందో చెప్పండి," అంది.

మడతక్క మొహమాటపడుతూనే చెయ్యి ఆనించింది. డాక్టరమ్మ చేతులు కదలకముందే అరచేతి కింద కండ బిగుసుకుంది. ఆ తర్వాతే చేతులు లేచాయి.

"కాళ్లే ముందు," అంది మడతక్క.

"ఆఁ. చెయ్యి లేస్తే ఒళ్లు ముందుకు వాలుతుంది. వాలాక సర్దుకుంటే ఆలస్యమైపోతుంది. అందుకని కాళ్లూ నడుమూ ముందే బిగుసుకుంటాయి. మనం చెప్పక్కర్లేదు, వాటికే తెలుసు. మీకు ఆ బిగుసుకోవడం ఆలస్యమవుతోంది."

తర్వాత కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, అరికాళ్లకి దూది రాసింది. "రాస్తున్నది తెలుస్తోందా?"

"మీరు రాయడం మొదలుపెట్టారా?"

డాక్టరమ్మ నెత్తురు పరీక్షకి పంపింది. చక్కెర జబ్బు బాగా ముదిరి ఉంది. దానివల్ల పాదాల్లో స్పర్శ పోతోందని, ఒళ్లు ఎటు వాలుతోందో పాదాల నుంచి కబురు సరిగ్గా చేరట్లేదని, మందులు వేసుకుని కసరత్తులు శ్రద్ధగా చేస్తే ఇంకా దిగజారకుండా ఆపొచ్చని చెప్పింది. ఆఖర్న ఒక మాట అడిగింది.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఏడాది పైనే అయ్యుంటుంది. దుప్పటి లాగే పనంటే అవతలి మనిషి ఎంత లాగుతుందో అంచనా వేసుకుని మీ ఒళ్లు ముందే సిద్ధం కావాలి. ఇన్నాళ్లూ పడకుండా ఎలా నెట్టుకొచ్చారు?"

మడతక్క లేచి బయటికి నడిచింది. గోడకున్న కడ్డీ పట్టుకుని మెట్లు దిగుతుంటే జవాబు దానంతటదే వచ్చింది. దుప్పటి పట్టుకుందా, దువ్వుతోందా అన్నట్టుండే లాగుడు గుర్తొచ్చింది. ఏడాది పైనే అయింది అలా లాగడం మొదలుపెట్టి. మెట్ల మధ్యలో ఆగిపోయింది. పైకి వెళ్లేవాళ్లు పక్కకి తప్పుకోమంటే కూడా కదల్లేదు.

అటునుంచి అటే మురికి బట్టల గదికి వెళ్లింది. పుల్లమ్మ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, గుట్టలోంచి ఒక్కో బట్టా తీసి చూసి వేరు చేస్తోంది. తలెత్తి, "మీరిక్కడికి రాకండి. వచ్చినా ముక్కుకి గుడ్డ కట్టుకోండి," అంది.

మడతక్క కట్టుకోలేదు. "నీకు తెలుసా?" అంది.

"ఏంటి?"

"నా కాళ్ల సంగతి."

పుల్లమ్మ చేతిలోని బట్ట బుట్టలో వేసింది. "మీరు లాగే ముందు మీ కాలివేళ్లు నేలని పట్టుకునేవి. పక్షి కొమ్మని పట్టుకున్నట్టు. రోజంతా మీ ఎదురుగా నిలబడేదాన్ని, చూస్తూ ఉంటాను కదా. ఒకరోజు చూస్తే వేళ్లు ఊరికే పడున్నాయి. ఆ రోజు మీరు కొంచెం తూలారు. అప్పట్నుంచీ నేనే వదులుగా లాగేదాన్ని. మీరు తూలబోతే దుప్పటి కాస్త వదిలి మళ్లీ పట్టుకునేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మీరు ఊరుకుంటారా? కాళ్లు పడిపోయాయన్నానని నలుగురిలో నన్ను కడిగేసేవారు. సూపర్‌వైజరు చెవిన పడితే మిమ్మల్ని పనిలోంచి తీసేస్తారేమోనని ఇంకో భయం." తర్వాత బట్టల గుట్టకేసి చూస్తూ అంది, "ఆ రోజు కూడా వదులుగానే పట్టుకుందామనుకున్నాను. మీరు అంతమందిలో అలా అనేసరికి నాకూ పౌరుషం వచ్చింది. లాగితే పడతారని తెలుసు. అది నా తప్పే."

ఆ చివరి మాట మడతక్క తట్టుకోలేకపోయింది. తిడితే బాగుండేది. తిడుతుందని సిద్ధపడి వచ్చింది. తనని ఏడాదిపాటు రెండు చేతులతో నిలబెట్టిన మనిషి, రోజూ పదిమందిలో ఎగతాళి పడుతూ నిలబెట్టిన మనిషి, ఒక్కసారి లాగినందుకు తన తప్పంటోంది. పుల్లమ్మ మళ్లీ బట్టలు తీయడంలో పడింది. మడతక్క ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భర్తకి అంతా చెప్పింది. డాబా మీద నేల ఎండిపోయి ఉందని కూడా చెప్పింది. "ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసుగా," అన్నాడాయన. తర్వాత చాలాసేపు ఆకురాయితో ఒక తాళంచెవిని రుద్దుతూ కూర్చుని, "నాకు చెప్పి ఏం లాభం? ఆ మాట ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు," అన్నాడు.

మర్నాడు పొద్దున, పని మొదలయ్యే ముందు అందరూ చెప్పులు విడుస్తుండగా మడతక్క సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది. ఆయన పక్కకి తీసుకెళ్లబోయాడు. "ఇక్కడే చెప్తాను సార్," అంది. చెప్పడం మాత్రం సరిగ్గా రాలేదు. ఎప్పుడూ ఖంగుమనే గొంతు ఆ పూట పెగల్లేదు. వెనక ఉన్నవాళ్లు "ఏంటీ?" అని అడిగితే మొదట్నుంచీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

"పుల్లమ్మ కావాలని చెయ్యలేదు. గట్టిగా లాగమని నేనే అన్నాను. నా కాళ్లు బాగాలేవు. అబద్ధం చెప్పాను."

సూపర్‌వైజరు అటూ ఇటూ చూశాడు. "అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు కెలకడం? జబ్బు మనిషివి. నీకేం తెలుసు పాపం."

దాక్కోవడానికి మంచి చోటే చూపించాడు. ఒక్క క్షణం మడతక్కకి ఆశ పుట్టింది కూడా. తల ఊపేస్తే చాలు, అందరూ జాలిపడి ఊరుకుంటారు.

"పడటం జబ్బు వల్లే సార్," అంది. "అనడం నేనే అన్నాను. అనేటప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు."

ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లే అందరూ. ఒకరు తల వంచుకుని చెప్పుల వరస సర్దారు. ఇంకొకరు బండి తోసుకుంటూ లోపలికి పోయారు. ఆ దిట్టమైన అమ్మాయి మాత్రం ఆవిడకేసి కొత్తగా, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు మడతక్కకి చాలా రోజులు వీపు మీద తగులుతూనే ఉంది.

పుల్లమ్మని వెనక్కి తేవడానికి సూపర్‌వైజరు ఊరికే ఒప్పుకోలేదు. ఆ గదికి ఇంకో మనిషి దొరకాలన్నాడు, పైవాళ్లని అడగాలన్నాడు. మడతక్క రోజూ వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడింది. ఒకసారి విసుక్కుని బయటికి పొమ్మన్నాడు, మర్నాడు మళ్లీ వెళ్లింది. చివరికి ఎలాగైతేనేం పుల్లమ్మ మడతల గదికి తిరిగొచ్చింది. దిట్టమైన అమ్మాయితో జోడీ కుదిరింది. మడతక్కని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. చిరిగిన దిండు గలేబులకి కుట్లు వేయడం ఇప్పుడు ఆవిడ పని. వారంలో కొన్ని పూటలు రెండో అంతస్తుకి వెళ్లి, కడ్డీ పట్టుకుని మడమలు ఎత్తి దించుతుంది, డాక్టరమ్మ విసిరిన బంతి పట్టుకుంటుంది. కొంచెం నయంగానే ఉంది.

ఫట్‌మని దుప్పటి దులిపిన చప్పుడు వినపడితే ఆవిడ తలెత్తదు. సూది మీదే చూపు ఉంచుతుంది. పుల్లమ్మ అటుగా వెళ్తూ మందులు వేసుకున్నారా అని అడుగుతుంది, వేసుకున్నానంటే సరేనని వెళ్తుంది. ఆ అడగడంలో కోపం ఏమీ లేదు. అదే మడతక్కకి ఎక్కువ కష్టంగా ఉంటుంది.

ఒక ఆదివారం భోజనానికి రమ్మని పిలిచింది. పుల్లమ్మ వస్తానంది. మడతక్క పొద్దున్నే లేచి, కుర్చీ వేసుకుని కూర్చునే వంటంతా చేసింది. తాళాలాయన శుభ్రమైన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది. పుల్లమ్మ రాలేదు. వండినదంతా మొగుడూ పెళ్లాలు మర్నాటి దాకా తిన్నారు.

"వాళ్ల పిల్లలకి ఏదో అయ్యుంటుంది," అన్నాడాయన.

"ఏమీ అయ్యుండదు," అంది మడతక్క.

సోమవారం పుల్లమ్మ ఆ ఊసే ఎత్తలేదు. మడతక్క కూడా ఎత్తలేదు. రెండోసారి పిలవాలంటే నాలుక తిరగలేదు. ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలియలేదు. అలా చాలా రోజులు గడిచాక ఒక సాయంత్రం, అందరూ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతుంటే, గోడ పట్టుకుని నెమ్మదిగా పుల్లమ్మ దాకా నడిచింది.

"వచ్చే ఆదివారం ఖాళీయేనా నీకు?"

పుల్లమ్మ సంచీ భుజానికి తగిలించుకుంటూ ఆలోచించింది. "చూస్తాను," అంది. "మా ఆయన్ని అడగాలి. పిల్లల్ని కూడా తీసుకురావచ్చా?"

"తీసుకురా," అంది మడతక్క.